నక్షత్రం రాలిన జనరల్: శ్రీకాకుళంలో ఒక ఫోటో ఫ్రేముల దుకాణం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి పాత వంతెన వైపు వెళ్లే దారిలో ఒక ఫోటో ఫ్రేముల దుకాణం ఉంది. పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవీ తిట్టవలసినవీ రెండూ ఉన్నాయి. పేరు రాస్తే జనం మొదటివి మరిచిపోయి రెండోవే చెప్పుకుంటారు. గుర్తు మాత్రం చెబుతాను. ముందు గోడకు అరసవల్లి సూర్యనారాయణ స్వామి పటాలు చిన్నవీ పెద్దవీ డజను వేలాడుతుంటాయి. లోపల అడుగు పెట్టగానే రంపపు పొట్టు, జిగురు కలిసిన వాసన వస్తుంది. వెనక గదిలో ఫ్రేములు కట్టే మేస్త్రీకి అరవై దాటాయి. ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రవాడు ఆయన మేనల్లుడు. నాకు ఎదురైన మంచీ చెడూ అంతా ఈ రెండు గదుల మధ్య తేడాయే.

నేను సైన్యంలో 24 ఏళ్లు సిగ్నల్స్, అంటే సమాచార విభాగంలో పనిచేసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో ఖాళీగా పడి ఉన్న ఒక గదిని కుర్రవాళ్లకు చదువుల గదిగా మార్చాం. తెల్లవారకముందే లేచి 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు, పరుగయ్యాక అక్కడే చాపలు పరుచుకుని రాత పరీక్షకు చదువుకుంటారు. గోడ మీద నేతాజీ ఉన్నారు, కలాం గారు ఉన్నారు, ఎవరో ఇచ్చిన సినిమా నటుడి క్యాలెండరు కూడా ఉంది. ఒకరోజు ఊరికే అడిగాను, భారత సైన్యానికి అధిపతిగా చేసిన తెలుగువాడి పేరు చెప్పమని. ఒకడు కలాం అన్నాడు. ఇంకొకడు బాగా ఆలోచించి కోడి రామమూర్తి అన్నాడు. వీరఘట్టం మల్లయోధుడు, ఆయన బలానికి నేనూ దండం పెడతాను గానీ సైన్యాధిపతి కాదు కదా.

ఆ రాత్రి నా ట్రంకు పెట్టె తీసి, ఒక పాత సైనిక పత్రిక నుంచి కత్తిరించి దాచుకున్న నలుపు తెలుపు ఫోటో బయట పెట్టాను. జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు. 1981 జూన్ 1 నుంచి 1983 జూలై నెలాఖరు దాకా భారత సైన్యాధిపతి.

ఈ ఫోటో మీద నాకున్న మమకారానికి కారణం చెప్పకపోతే తరువాత నేను పడిన కోపం మీకు అర్థం కాదు. 1982 జనవరిలో జబల్పూర్‌లో రిక్రూటుగా చేరాను. హిందీ ఒక్క ముక్క రాదు. బ్యారక్ గోడ మీద ఒక పెద్ద చార్టు ఉండేది. పైన రాష్ట్రపతి, కింద ప్రధాని, రక్షణ మంత్రి, సైన్యాధిపతి, అలా మెట్లు మెట్లుగా మా కంపెనీ కమాండరు దాకా. ఆ పేర్లన్నీ కంఠతా వల్లించాలి. తప్పు చెబితే మైదానం చుట్టూ పరుగే. శిక్షణ ఇచ్చే హర్యానా ఉస్తాద్ ఒకాయన కర్రతో చార్టు మీద కొడుతూ అడిగేవాడు. తక్కిన పేర్ల దగ్గర నా నాలుక మడత పడేది. రెండు పేర్ల దగ్గర మాత్రం నా గొంతు లేచేది. పై మెట్టున నీలం సంజీవరెడ్డి, కాస్త కింద కె. వి. కృష్ణారావు. త్రివిధ దళాల సర్వ సైన్యాధ్యక్షుడూ తెలుగువాడే, సైన్యాధిపతీ తెలుగువాడే. ఉస్తాద్ ఆ పేరును "కిర్‌షణ్ రావ్" అనేవాడు. నేను సరిచేశాను. మైదానం చుట్టూ అయిదు సార్లు పరుగెత్తించాడు. అయినా సంతోషంగానే పరుగెత్తాను. ఆ జూలైలో సంజీవరెడ్డి గారి పదవీకాలం ముగిసి జ్ఞానీ జైల్ సింగ్ వచ్చారు, చార్టులో కాగితం మార్చి అంటించారు. కింది కాగితం మరో ఏడాది అలాగే ఉంది.

ఇక దుకాణం సంగతి. 2025 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు వెళ్లాను. ఫోటో చూపించి 20 బై 30 అంగుళాల్లో పెద్దది చేసి, టేకు ఫ్రేము కట్టి, కింద నాలుగు వాక్యాలు రాయాలన్నాను. కుర్రవాడు ఫోటో వైపు చూసి, "తాతగారూ, సైన్యాధిపతి కావాలంటే మానెక్‌షా గారిది తయారుగా ఉంది. రంగుల్లో, మీసాలతో, గంభీరంగా ఉంటుంది. ఈరోజే తీసుకెళ్లవచ్చు" అన్నాడు.

నాకు ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా మీద గౌరవం తక్కువ కాదు. ఏ సిపాయిని అడిగినా ఆయన హాస్యోక్తులు అరడజను చెబుతాడు. కృష్ణారావు గారి విషయంలో అలా చెప్పుకోవడానికి ఒక్క ముక్క దొరకదు. మీసం మెలేసిన ఫోటో లేదు, చమత్కారం లేదు, పేరు పక్కన ముద్దుపేరు లేదు. పని చేసుకుంటూ పోయిన మనిషి. జనానికి తెలియకపోవడానికి సగం కారణం అదేనని నా అనుమానం. ఇంతకీ కుర్రవాడికి చెప్పింది ఒక్కటే: "బాబూ, దేవుడి పటం అడిగితే ఏ దేవుడైతేనేం అని ఇస్తావా?" లోపల నుంచి మేస్త్రీ నవ్వు వినిపించింది.

వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. జనవరి 25కల్లా ఇస్తామన్నారు. 30వ తేదీ జనరల్ గారి వర్ధంతి. 2016లో అదే రోజున ఢిల్లీలో కన్నుమూశారు, 92 ఏళ్ల వయసులో. ఆ రోజుకు గోడ మీద ఉండాలని నా ఆశ.

21వ తేదీన నమూనా చూడటానికి రమ్మన్నారు. కంప్యూటర్ తెర మీద ఒక పెళ్లికొడుకు కనిపించాడు. ముడతలన్నీ పోయాయి, చామనఛాయ మనిషి గులాబీ రంగు తేలాడు, పెదవులు ఎర్రబడ్డాయి. నలుపు తెలుపు ఫోటోకు రంగులు వేసే పని కంప్యూటరే చేసిందట. అంతటితో ఆగి ఉంటే సర్దుకునేవాణ్ణేమో. రొమ్ము మీది రిబ్బన్లలో పరమ విశిష్ట సేవా పతకం (పి.వి.ఎస్.ఎం.) రిబ్బను ఉండాలి, బంగారు రంగు మీద నడుమ ఒకే ఒక్క నీలి గీత. దానికి పచ్చ రంగు పూసింది. ఆపైన భుజం చూశాను.

జనరల్ భుజం మీద మూడు గుర్తులు ఉంటాయి. పైన సింహాల చిహ్నం, దాని కింద అయిదు కోణాల నక్షత్రం, అట్టడుగున ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన కత్తి, దండం. నక్షత్రం తీసేస్తే ఆ మనిషి లెఫ్టినెంట్ జనరల్. మరక అనుకుని కంప్యూటర్ ఆ నక్షత్రాన్ని తుడిచేసింది. కుర్రవాడు గమనించలేదు. గమనించినా వాడికి తేడా తెలియదు, అందులో వాడి తప్పు లేదు. కింద అక్షరాల దగ్గర తప్పు మాత్రం అచ్చంగా వాడిదే. "ఫీల్డ్ మార్షల్ కె. వి. కృష్ణారావు" అని ఉంది. మానెక్‌షా పటానికి వాడిన పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, పైమాట మార్చడం మరిచిపోయాడు. అంటే కింద ఒక మెట్టు పైకెక్కించి, పైన ఒక మెట్టు కిందికి దించాడన్నమాట. 40 ఏళ్ల కొలువులో ఆయనకు ఇంత అన్యాయం ఎవరూ చేసి ఉండరు.

నేను గట్టిగానే అరిచాను. ఫోటోలు దిగడానికి వచ్చిన ఒక కుటుంబం బయటికి వెళ్లిపోయింది, ఆ ఒక్క విషయంలో దుకాణం వారికి నేను క్షమాపణ బాకీ ఉన్నాను. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర వైపు చూసి, మేనల్లుడితో ఒకే మాట అన్నాడు: "రంగులు తీసెయ్. ఆయన ఎలా ఉంటే అలాగే పెట్టు." నాకు స్టూలు వేసి, టీ తెప్పించాడు. ఇక్కడి నుంచి నా సమీక్ష మారుతుంది.

వెనక గదిలో కూర్చుని ఆయన పని చూశాను. ఈ రోజుల్లో ఎక్కువ దుకాణాలు ఫైబరు బీడింగు కోసి, మూలల్లో పిన్నులు కొట్టి అరగంటలో చేతికిస్తాయి. మన వైపు ఉప్పు గాలికి రెండు వర్షాకాలాలు గడిస్తే మూలలు నోరు తెరుస్తాయి. ఈయన టేకు పట్టీని కోత పెట్టెలో పెట్టి, 45 డిగ్రీలకు చేత్తోనే కోస్తాడు. కోశాక అంచును వేలితో తడిమి, ఇసుక కాగితం మీద రెండే రెండు సార్లు లాగుతాడు. జిగురు పూసి నాలుగు మూలలూ కలిపాక, ఒక దారం తీసుకుని ఈ మూల నుంచి ఆ మూలకు, తరువాత రెండో జంట మూలలకు కొలుస్తాడు. రెండు కొలతలూ సమానం కాకపోతే ఫ్రేము వంకర తిరిగినట్టే. నా ఫ్రేముకు నూలుపోగంత తేడా వచ్చింది. గోడ మీద ఎవరి కంటికీ కనపడదు. విప్పి మళ్లీ కట్టాడు.

ఫోటోకూ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు పెట్టించుకోమని పట్టుబట్టాడు. నేను ఖర్చు పెంచడానికి అనుకున్నాను. కాదు. బోర్డు లేకపోతే చెమ్మకు ఫోటో అద్దానికి అతుక్కుంటుంది. ఎవరో చనిపోయిన తండ్రి ఫోటో అలా అతుక్కుపోతే మరమ్మతుకు తెచ్చారు, ఆ అద్దం చూపించాడు. ముఖంలో సగం అద్దం మీద, సగం కాగితం మీద. ఇంకేమీ వాదించలేదు.

రంపం ఆపకుండానే అడిగాడు, "ఇంతకీ ఈయన ఏ యుద్ధం చేశారు హవల్దారు గారూ?"

చెప్పాను. 1942 ఆగస్టులో, అంటే దేశమంతా క్విట్ ఇండియా అంటున్న నెలలో, 19 ఏళ్ల వయసులో మహార్ రెజిమెంటులో అధికారిగా చేరారు. ఆ రెజిమెంటుకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు, 1941లోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా చూశారు. దేశ విభజన వేళ పంజాబులో ఉన్నారు, వెంటనే కశ్మీర్ యుద్ధం. తరువాత లద్దాఖ్‌లో. నేను ఇలా ఏకరువు పెడుతుంటే మేస్త్రీ మధ్యలో ఆపాడు. "అన్నిచోట్లా ఉన్నారు సరే. ఆయన చేతుల్లో నడిచింది ఏది?"

మంచి ప్రశ్న. సిపాయిలు కూడా ఇంత సూటిగా అడగరు.

సిల్హెట్ అన్నాను. 1971లో ఆయన మేజర్ జనరల్. 8వ మౌంటెన్ డివిజన్ ఆయన కింద ఉంది. అప్పటిదాకా నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాటుదారుల వెంట తిరిగిన దళాలవి. వాటిని దించి, ఇప్పటి బంగ్లాదేశ్ ఈశాన్య మూలకు నడపాలి. తేయాకు తోటలు, బురద, దాటడానికి నదులు. శంషేర్‌నగర్, మౌల్వీబజార్ మీదుగా ఒక బ్రిగేడు వెళ్లింది. డిసెంబరు 7న అయిదో గోర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్‌ను ఎంఐ-4 హెలికాప్టర్లలో ఎక్కించి సిల్హెట్ పక్కన దించారు. భారత సైన్యం ఒక బెటాలియన్‌ను హెలికాప్టర్ల మీద యుద్ధంలోకి దించడం అదే మొదలు. దిగినవాళ్లు నాలుగు వందల మంది కూడా లేరు. ఎదుట పాకిస్తాన్ సైనికులు వేల మంది. ఒక బ్రిగేడే దిగిందని రేడియోలో తప్పుగా చెప్పారని, గోర్ఖాలు ఆ తప్పునే వాడుకుని దూర దూరంగా పరుచుకుని తాము చాలా మంది ఉన్నట్టు నమ్మించారని సైన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి సిల్హెట్‌లో లొంగిపోయినవాళ్లలో బ్రిగేడియర్లే ముగ్గురు.

"హెలికాప్టర్ల ఆలోచన ఈయనదేనా?" అన్నాడు మేస్త్రీ.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆ తెగువ కోర్ కమాండరు సగత్ సింగ్‌ది. కింద డివిజన్‌ను నడిపించినవాడు కృష్ణారావు. పైవాడి సాహసాన్ని కిందివాడు అన్నం, గుండ్లు, మందులు అందించి నిలబెట్టకపోతే ఆ నాలుగు వందల మందీ అక్కడే మిగిలిపోయేవారు. మేస్త్రీ తల ఊపి, "బొమ్మ గీసినవాడు ఒకడు, ఫ్రేము కట్టినవాడు ఒకడు" అన్నాడు. నాకు ఆ పోలిక పూర్తిగా నచ్చలేదు, అయినా ఆయన వృత్తిలోంచి ఆయన మాట్లాడాడు.

తరువాత అక్షరాల పేచీ వచ్చింది. నేను రాసుకుపోయిన కాగితంలో 19 వాక్యాలు ఉన్నాయి. మేస్త్రీ దాన్ని చేయి చాచి పట్టుకుని, "ఇది పటమా, శిలాశాసనమా?" అన్నాడు. 20 బై 30లో ముఖం బాగా కనపడాలంటే కింద అయిదు వాక్యాలకు మించి చోటు లేదట. నేను సిగ్నల్స్ వాణ్ణి, మాటలు లెక్కపెట్టి పంపడం నా వృత్తి. అయినా ఆ మధ్యాహ్నం ఒక్కొక్క మాట కొట్టేస్తుంటే ప్రాణం మీదికి వచ్చింది.

అన్నింటికన్నా బాధపెట్టింది కమిటీ వాక్యం. 1975లో సైన్యాన్ని ఎలా తిరిగి కట్టాలో చెప్పమని ఒక నిపుణుల సంఘం వేశారు. అధ్యక్షుడు కృష్ణారావు, సభ్యుల్లో సుందర్‌జీ ఒకరు, తరువాత ఆయనా సైన్యాధిపతి అయ్యారు, ఆయనదీ మహార్ రెజిమెంటే. కాళ్ల మీద నడిచే పదాతి దళాన్ని ఉక్కు బండ్లెక్కించి ట్యాంకుల వెంట పరుగెత్తించాలన్న ఆలోచనకు బలం అక్కడ దొరికింది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటు పుట్టింది. నా సర్వీసులో ఎడారి విన్యాసాలకు వెళ్లినప్పుడు, ఆ బండ్లు లేపిన దుమ్ములో నా రేడియో సెట్టు రోజుకు మూడుసార్లు తుడుచుకున్నాను. నా లెక్కలో సిల్హెట్ కంటే ఇదే పెద్ద పని. కానీ "కమిటీ అధ్యక్షుడు" అని గోడ మీద రాస్తే పంచాయతీ నీటి సంఘం అనుకుంటారు. కొట్టేశాను.

గవర్నరు వాక్యాలూ పోయాయి. 1984 నుంచి 1989 దాకా నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు గవర్నరు. 1989 జూలై నుంచి ఆరు నెలలు, మళ్లీ 1993 నుంచి 1998 దాకా జమ్మూ కశ్మీర్‌కు. శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గా ముట్టడి ఆయన ఉన్నప్పుడే, 1996 ఎన్నికలూ ఆయన ఉన్నప్పుడే. కశ్మీరులో ఆయన పాలన గురించి అక్కడివాళ్లు వేరే మాటలు చెబుతారు, రాష్ట్రపతి పాలనలో గవర్నరంటే అన్ని నిందలూ మోసే మనిషి. ఆ లెక్క తేల్చడం ఫ్రేము కింద పట్టీ వల్ల అయ్యే పని కాదు.

అందులో ఒక్క వాక్యం కొట్టేటప్పుడు మాత్రం పెన్ను ఆగింది. 1995 జనవరి 26. ఆ రోజు నేను ఉధంపూర్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి డ్యూటీలో ఉన్నాను. సెలవు రోజు, బోర్డు నిశ్శబ్దంగా ఉంది. జమ్మూ స్టేడియంలో గవర్నరు గారు గణతంత్ర దినోత్సవ ప్రసంగం చేస్తున్నారు. ఉన్నట్టుండి బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. ఏ తీగ ఎత్తినా ఒకటే ప్రశ్న, "ఉన్నారా?" స్టేడియంలో బాంబులు పేలాయి. ఎనిమిది మంది పోయారు. గవర్నరు బతికారు. ఆ మాట నా చేతి తీగల గుండా ఎన్ని చోట్లకు వెళ్లిందో లెక్క లేదు. ఆయన్ను దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆయనకు నేను అంతకంటే దగ్గరగా వెళ్లిన రోజు కూడా లేదు.

మేస్త్రీ ఇదంతా విని కాసేపు ఊరుకున్నాడు. "కొట్టేసినవి పారేయకండి. వెనక అంటిద్దాం" అన్నాడు. ఫ్రేము వెనక హార్డ్‌బోర్డు మీద నా కాగితం 19 వాక్యాలూ శుభ్రంగా అచ్చు వేసి అంటించి, పైన పలుచని ప్లాస్టిక్ కాగితం పరుస్తానన్నాడు. నేను చూసిన ఏ ఫ్రేముల దుకాణంలోనూ ఎవరూ ఇలాంటి ఉపాయం చెప్పలేదు. ముందు వైపు ఇవి మిగిలాయి:

జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు, పి.వి.ఎస్.ఎం.
1923 జూలై 16 – 2016 జనవరి 30
మహార్ రెజిమెంటు, 1942
సిల్హెట్, 1971
భారత సైన్యాధిపతి, 1981–83

ఇక ఆలస్యం గురించి. 25వ తేదీన వెళితే ఫ్రేము కాలేదు. 29న వెళితే అద్దం కొయ్యలేదు. కారణం నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఫిబ్రవరి 4న రథసప్తమి. అరసవల్లికి వచ్చే జనం కోసం స్వామి పటాలు కట్టడంలో ఆ వీధి వీధంతా మునిగి ఉంది. సూర్యభగవానుడితో పోటీ పడి జనరల్ నెగ్గలేడు, అది ఒప్పుకుంటాను. కానీ 25కు ఇస్తామని ఎందుకు చెప్పాలి? రథసప్తమి తేదీ నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాగావళి దాకా నడిచి వెళ్లి కోపం తగ్గించుకుని వచ్చాను. వర్ధంతి రోజున పత్రిక కత్తిరింపునే అట్టకు అంటించి గోడకు పెట్టి, పిల్లలతో రెండు నిమిషాలు నిలబడ్డాం. ఫోను చేసి ఆలస్యమవుతుందని చెబితే ఒక బస్సు ఛార్జీ, ఒక పూట మిగిలేవి. ఈ దుకాణానికి నేను మార్కులు తగ్గించేది ఇక్కడే, తప్పులకు కాదు. తప్పులు వాళ్లు దిద్దారు.

ఫిబ్రవరి 8న అందింది. నలుపు తెలుపులోనే, మెరుపు లేని కాగితం మీద. ముడతలు తిరిగి వచ్చాయి. భుజం మీద నక్షత్రం ఉంది, వేలు పెట్టి మరీ చూశాను. కుర్రవాడు పక్కన నిలబడి, "సింహం, నక్షత్రం, కత్తి. సరిపోయిందా తాతగారూ?" అన్నాడు. వాడు నేర్చుకున్నాడు. ఒక్కటి మాత్రం ఇంటికి వచ్చాక కనిపించింది. అద్దం లోపల, ఎడమ మూల, ఒక చీమ. విప్పించడానికి మళ్లీ వెళ్లలేదు. ఆయనకు కాపలా అనుకున్నాను.

బిల్లు: ప్రింటుకు 700, టేకు ఫ్రేము, మౌంటు, అద్దం కలిపి 2,600. మొత్తం 3,300 రూపాయలు. డిజైను ఖర్చు 200 మేస్త్రీయే కొట్టేశాడు. ఫైబరులో అయితే ఇందులో సగానికి వచ్చేది. వెళ్లేవాళ్లకు నా సలహా, ఫ్రేము కోసం కళ్లు మూసుకుని వెళ్లండి. అక్షరాలు మాత్రం మీరే విడిగా కాగితం మీద రాసి ఇవ్వండి, నమూనాను ఫోనులో పంపమని ఊరుకోకుండా తెర ముందు కూర్చుని చూడండి. రంగులు వేస్తానంటే వద్దనండి. మాఘమాసంలో అసలు వెళ్లకండి.

పటం గోడకెక్కి నాలుగు నెలలయింది. మొన్న మళ్లీ ఆ దుకాణానికి వెళ్లవలసి వచ్చింది. వెనక ఏదో రాసి ఉందని పిల్లలకు తెలిసిపోయింది. పరుగు నుంచి వచ్చిన ప్రతివాడూ చెమట చేతులతో పటం దించి, తిప్పి చదివి, మళ్లీ తగిలిస్తున్నాడు. ఆ లాగుడుకు నైలాను తాడు నలిగి తెగడానికి సిద్ధంగా ఉంది. మేస్త్రీ తాడు తీసేసి ఇత్తడి గొలుసు వేశాడు, కొక్కేలు రెండు కొట్టాడు. 60 రూపాయలు తీసుకున్నాడు. "దించకండని చెప్పమంటారా?" అని అడిగాడు. వద్దన్నాను.